వేటకు వెళ్లే బావకి ఉన్ని బనియను

మోరిస్‌విల్,
అక్టోబర్ 14, 2024.

అత్తయ్యకి,

మీ కోడలు రాధారాణి నమస్కరించి రాస్తున్నది. మామయ్యని, నీహారిక వదినని, రవికాంత్ అన్నయ్యని అడిగానని చెప్పండి. సాన్వికి ముద్దులు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని మీరు అనుకుంటారు. మీరు ఫోను స్పీకర్‌లో పెట్టి మాట్లాడతారు. పక్కన మామయ్య ఉంటారు. వంటింట్లోంచి అన్నయ్య కూడా "రాధా, ఇవాళ ఏం కూర?" అని కేకేస్తారు. నేను అడగబోయేది మీ అబ్బాయి, అదే బావ, లోపలి బట్టల గురించి. అంతమంది వినేలా అది అడగడం నా వల్ల కాదు. అందుకని కాగితం తీశాను. మీరూ ఉత్తరమే రాయండి. మీ చేతిరాత బావకి అర్థం కాదు కాబట్టి ఇంకా మంచిది.

సంగతి ఇది. బావ ఆఫీసులో డేల్ అని ఒక పెద్దాయన ఉన్నాడు. బావ మూడేళ్లుగా అక్కడ పని చేస్తున్నా, మధ్యాహ్నం భోజనానికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది ఆయన ఒక్కడే. పోయినేడు ఆయన బావని అడవికి తీసుకెళ్లాడు. చెట్టుకి నిచ్చెన వేసి, పైన బల్ల కట్టి ఉంటుంది. సూర్యుడు రాకముందే ఎక్కి, కదలకుండా కూర్చోవాలి. జింకల్ని చూడటానికి. చాలా దగ్గరగా చూస్తారట.

బావ జీన్స్ కింద నూలు పైజమా, నూలు బనియను వేసుకుని వెళ్లాడు. నడిచేటప్పుడు చెమట పట్టింది. కూర్చున్నాక ఆ చెమటే మంచయింది. పళ్లు టకటకమని కొట్టుకున్నాయట. ఆ చప్పుడుకి ఒక్క జింకా రాలేదు. డేల్ మళ్లీ పిలవలేదు. ఆ శీతాకాలం బావ శనివారాలన్నీ కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్ లాట్ చూస్తూ గడిపాడు. ఇన్నాళ్లకి, ఈ నవంబర్‌లో రమ్మని డేల్ మళ్లీ పిలిచాడు. "ఈసారి కూడా వణికితే ఇంక పిలవడు రాధా" అన్నాడు బావ. ఆ గొంతు విని నాకు అన్నం సయించలేదు.

డేల్ కొన్ని నియమాలు చెప్పాడు. వాసన సబ్బు వాడకూడదు. తలకి నూనె రాయకూడదు. మాట్లాడకూడదు. ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్ని వేసుకోవాలి. అది గొర్రె ఉన్నే కానీ సన్నంగా ఉంటుంది, గుచ్చుకోదు.

కొట్టుకి నేనే వెళ్లాను. శని, ఆదివారాలు అక్కడ దియ అని మన తెలుగువాళ్ల పిల్ల పని చేస్తుంది. ఇక్కడే పుట్టింది. "ఆంటీ, ఇది సెకండ్ స్కిన్ లాగ ఉండాలి. లూజ్ వద్దు. కానీ స్క్వీజ్ చేస్తే కూడా బ్యాడ్. అంకుల్ చెస్ట్ ఎంత?" అంది. నాకు చెవులు వేడెక్కాయి. "వాళ్ల అమ్మగారిని అడిగి చెప్తాను" అన్నాను. ఆ పిల్ల నన్ను ఒక రకంగా చూసింది. ఏమీ కొనకుండా వచ్చేశాను.

మీరు చీరాలలో అన్నేళ్లు రెడీమేడ్ కొట్టు నడిపారు. మనిషి గుమ్మంలో ఉండగానే సైజు చెప్పేవారు. బావకి ఏది సరిపోతుందో, ఎంత పట్టి ఉండాలో రాయండి.

మీ కోడలు,
రాధ


చాండ్లర్,
అక్టోబర్ 21.

రాధకి అత్తయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మళ్లీ చదివాను. ఇంకా ఆడలేదు.

తెల్లారకముందే చెట్టెక్కుతాడా? మాట్లాడడా? కదలడా? సబ్బు లేదు, తలకి నూనె లేదు, ఒంటి మీద ఉన్ని. జింకల్ని చూస్తూ కూర్చుంటాడు. ఒసే పిచ్చిదానా, ఇవన్నీ ఎవరు చేస్తారో నాకు తెలియదనుకున్నావా? మీ మామయ్య చిన్నాన్న కూడా మొదట నూనె మానేశాడు. తర్వాత సబ్బు మానేశాడు. తర్వాత ఇల్లు మానేశాడు.

ఈ డేల్ అనేవాడు స్వామీజీయా? గడ్డం ఉందా? అసలు మన వేణు ఉద్యోగం ఉందా, పోయిందా? లేఆఫ్ అయితే దాచకు. నేను ఎవరితోనూ అనలేదు, ఒక్క నీహారికతో అన్నాను. అది రవికాంత్‌తో అంది. రవికాంత్ వాడి రెజ్యూమె పంపమంటున్నాడు. ఇక్కడ చిప్పులు చేసే కంపెనీలో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారట.

అడిగావు కాబట్టి సైజు చెప్తున్నాను. వాడు మామూలుగా తొడిగే చొక్కా కంటే రెండు సైజులు పెద్దది తీసుకో. ఉన్ని ఉతికితే ముడుచుకుంటుంది. వాడా, ఎదిగే పిల్లాడు. ఒంటికి అతుక్కునే బట్ట సర్కస్‌వాళ్లకి గాని సంసారులకి కాదు. లోపల గాలి ఆడాలి. ఇక్కడ మేము ఇప్పటికీ ఏసీ వేసుకుంటున్నాం, గాలి విలువ నన్నడుగు.

కొత్త బట్ట అలాగే తొడగనివ్వకు. అంచుకి పసుపు పెట్టి, సాంబ్రాణి పొగ బాగా పట్టించు. వాడికి ఉన్న బుద్ధి నిలబడాలి.

అత్తయ్య,
బాలమణి


మోరిస్‌విల్,
అక్టోబర్ 28.

అత్తయ్యకి నమస్కారాలు.

రవికాంత్ అన్నయ్య ఫోన్ చేశారు. బావ మీటింగ్‌లో ఉండగా చేశారు. "బావా, జాబ్ పోతే పోయింది, ఫ్యామిలీ ఉంది కదా, ఇంటికి వచ్చెయ్" అన్నారట. బావ ఇంట్లోంచే మాట్లాడుతున్నాడు. మీటింగ్ అయ్యాక వంటింట్లోకి వచ్చి, "అమ్మకి ఏం రాశావు రాధా?" అన్నాడు. నేను చపాతీ కర్ర కడుగుతూ నిలబడ్డాను. కడిగిందే కడిగాను.

ఉద్యోగం ఉంది. డేల్‌కి గడ్డం ఉంది కానీ స్వామీజీ కాదు. ఆయన రోజూ ఒక బర్గరు తింటాడు.

జింకల్ని చూడటానికి వెళ్తారని రాశాను. అది నిజమే. చూసిన తర్వాత కాలుస్తారు. బావ నాతో, "కార్తీకంలో వేట అంటే అమ్మ ఊరుకోదు, ఆ మాట రాయకు" అన్నాడు. లైసెన్సు ఉంటుంది, దానికి ముందు క్లాసు ఉంటుంది, బావ పాసయ్యాడు. కాల్చిన జింకని పారేయరు, మాంసం పంచుకుని తింటారు. వాసన వస్తే జింక పారిపోతుందని సబ్బూ నూనే మానమన్నారు. ఇల్లు మానమనలేదు.

సైజు గురించి ఇంకొక్కసారి అడుగుతున్నాను, కోప్పడకండి. దియ మాత్రం చల్లనీళ్లలో ఉతికితే ముడుచుకోదంటోంది. వదులుగా ఉంటే ఒంటికీ బట్టకీ మధ్య చల్లగాలి దూరుతుందట. పెద్దవారు మీరు ఒకటి చెప్పారు, కొట్టు పిల్ల ఒకటి చెప్పింది. బావని అడిగితే, "మీడియమో లార్జో ఏదో ఒకటి, వణక్కుండా ఉంటే చాలు" అన్నాడు. బావకి ఇప్పటికీ తన సైజు తెలియదు. మొన్నటిదాకా మీరు కొన్నారు, ఇప్పుడు నేను కొంటున్నాను.

మీ కోడలు,
రాధ


చాండ్లర్,
నవంబర్ 4.

రాధకి,

వేటా! ఆ మాట మొదటే రాయొద్దూ? వారం రోజులు నేను నిద్రపోలేదు, మీ మామయ్యని పోనివ్వలేదు. సన్యాసం కాదు కదా, అంతే చాలు. పౌర్ణమి వెళ్లేదాకా ఆగమను. మాంసం మాత్రం అమావాస్య దాటేదాకా ఇంటి గుమ్మం తొక్కకూడదు.

ఇంక బనియను సంగతి. ఆ దియ వయసెంత? చీరాలలో నేను చెప్పిన సైజు వెనక్కి తెచ్చినవాడు ఒక్కడు లేడు. కావాలంటే మీ మామయ్యని అడుగు. కౌంటర్ మీద బోర్డు కూడా ఉండేది, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని.

రెండు సైజులు పెద్దది. పసుపు మరిచిపోకు.

బాలమణి


మోరిస్‌విల్,
నవంబర్ 18.

అత్తయ్యకి నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. బావ ముక్కు ఒక్కటి బాగోలేదు.

మీరు చెప్పినట్టే, పైకీ కిందికీ కలిపి, రెండు సైజులు పెద్ద జత తెచ్చాను. బిల్లు వేసేటప్పుడు దియ "ష్యూరా ఆంటీ?" అని మూడుసార్లు అడిగింది. అంచులకి పసుపు పెట్టాను. సాంబ్రాణి వేశాను. పొగకి గోడ మీద అలారం మోగి, పై అపార్ట్‌మెంట్‌వాళ్లు మెట్ల మీదికి వచ్చేశారు. నేను బాత్రూమ్‌లో దాక్కున్నాను. బావ వెళ్లి సారీ చెప్పాడు.

శనివారం బావ ఆ జత తొడుక్కుని అద్దంలో చూసుకుని, "రాధా, ఇందులో ఇంకొకరికి కూడా చోటుంది. నువ్వూ వస్తావా?" అన్నాడు. అయినా మీ మాట కాదనలేక అలాగే వెళ్లాడు.

తర్వాత జరిగింది బావ చెప్పినట్టే రాస్తున్నాను. పైన ప్యాంటు వేసేసరికి లోపలి ఉన్ని అంతా మోకాళ్ల దగ్గర ఉండలు చుట్టుకుంది. కాళ్ల సందున గుడ్డ మోకాళ్లదాకా జారింది. నిచ్చెన మీద కాలు పైమెట్టుకి అందలేదు. డేల్ కింద నిలబడి బావని వెనకనుంచి బస్తాలా ఎత్తాడు. చేతులు పొడుగై వేళ్లు దాటాయి. మడిస్తే కోటు లోపల ముడులు పడి మోచేయి వంగలేదు. చొక్కా నడుము దగ్గర పైకి లేచిపోయింది. చలిగాలి కింద దూరి మెడ దగ్గర బయటికి వచ్చింది. లోపల గాలి ఆడాలన్నారు కదా అత్తయ్యా, బాగా ఆడింది.

వణుకు మొదలైంది. ఈసారి పళ్లతో పాటు బల్ల కూడా కొట్టుకుంది. డేల్ కాసేపు గాలి పీల్చి, "వేణూ, ఇక్కడ ఎక్కడైనా చర్చి ఉందా?" అని మెల్లగా అడిగాడట. అది మన సాంబ్రాణి. అంతలో ఒక జింక వచ్చింది. వచ్చి ముక్కు పైకెత్తింది. కాలు నేలకి కొట్టి, తుమ్మినట్టు ఒక చప్పుడు చేసి, తోక ఎత్తి పరుగెత్తింది.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో డేల్ ఏమన్నాడో తెలుసా? "డిసెంబర్ మొదటి శనివారం ఇంకోసారి చూద్దాం వేణూ. అప్పుడూ కుదరకపోతే ఆ సీటు మా బావమరిదికి ఇస్తాను, వాడు అడుగుతున్నాడు" అన్నాడు. మంచిగానే అన్నాడట. మంచిగా అన్నాడు కాబట్టే బావకి ఎక్కువ బాధగా ఉంది. నిన్నంతా మళ్లీ కిటికీ దగ్గరే ఉన్నాడు.

పసుపు పెట్టిన బట్ట కొట్టులో వాపసు తీసుకోరు. దాన్ని ఇంట్లో నేనే వేసుకుంటున్నాను. అంట్లు తోమడానికి మాత్రం పనికిరాదు, చేతులు ముందే సింకులో పడతాయి.

అత్తయ్యా, ఒక మాట రాయడానికి పొద్దుటినుంచి కలం పట్టుకుని కూర్చున్నాను. ఈసారి ఒంటికి పట్టేదే కొంటాను. పసుపు పెట్టను. సాంబ్రాణి వేయను. మిమ్మల్ని ఎదిరించానని అనుకోకండి. అనుకున్నా ఏం చేయను, బావకి ఉన్నది ఒక్క స్నేహితుడు.

రాధ


చాండ్లర్,
నవంబర్ 25.

రాధకి,

నేను అలగలేదు. అలిగితే ఉత్తరం రాస్తానా? నాలుగు రోజులు రాయలేదంతే.

మొన్న వీళ్లు మమ్మల్ని మంచు చూపిస్తామని ఫ్లాగ్‌స్టాఫ్ తీసుకెళ్లారు. చాండ్లర్‌లో చెమట, అక్కడ మంచు, ఇదేం రాష్ట్రమో. నేను మీ మామయ్య స్వెట్టరు వేసుకున్నాను. నా పద్ధతి నీకు తెలుసు, వదులుగా ఉండాలి. కారు దిగగానే చలి చీర కుచ్చిళ్లలో దూరి, స్వెట్టరులో తిరిగి, జాకెట్టులో కాపురం పెట్టింది. నా నోట మాట రాలేదు. మీ మామయ్య ఫొటో తీశాడు, గుర్తు కోసమట.

సాన్వి, "అమ్మమ్మా, నా స్కీయింగ్ ఇన్నర్ వేసుకో, ఇట్స్ సో వార్మ్" అంది. దాని వయసు పదమూడు. రెస్ట్‌రూమ్‌లో అది ఒకవైపు, మీ వదిన ఒకవైపు పట్టుకుని లాగారు. ఒక గలీబులో రెండు దిళ్లు కూరినట్టు కూరారు. బయట ఎవరో తలుపు కొట్టి, "ఎవ్రీథింగ్ ఓకే?" అని అడిగారు. మొదట వెచ్చగానే ఉంది. కాసేపటికి చేతివేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి సగమే ఆడింది, మళ్లీ చలి వేసింది. సాగి సాగి గుడ్డ పల్చబడింది, ఇంక వెచ్చదనం ఎక్కడ నిలుస్తుంది? ఇంటికొచ్చాక ఎంత లాగినా ఒంటిమీంచి ఊడి రాలేదు. కత్తెర పెట్టి కోయాల్సి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక కొత్త బట్టకి నేను కత్తెర వేయడం అదే మొదటిసారి. సాన్వి ఏడ్చింది.

కాబట్టి చెప్తున్నాను విను. మరీ వదులైనా చలే, మరీ బిగుతైనా చలే. ఒంటికి ఆనాలి, ఊపిరికి అడ్డం రాకూడదు. ఇది నేను స్వయంగా కనిపెట్టాను. ఆ దియకి తెలుసో లేదో చెప్పు.

బాలమణి


మోరిస్‌విల్,
డిసెంబర్ 9.

అత్తయ్యకి నమస్కారాలు. మీరు కనిపెట్టింది దియకి చెప్పాను. "వావ్, యువర్ ఎంఐఎల్ ఈజ్ సో స్మార్ట్" అంది. ఎంఐఎల్ అంటే అత్తగారట.

కొలత నేనే తీశాను. బావ ఇంటినుంచి పని చేసే రోజున, మీటింగ్‌లో ఉండగా దారం తీసుకుని బల్ల కింద దూరాను. కెమెరాకి కనపడకుండా వెనకనుంచి ఛాతీ చుట్టూ దారం తిప్పాను. నా చేయి మాత్రం కనపడిందట. ఎవరో, "వేణూ, నిన్ను ఎవరైనా కట్టేస్తున్నారా?" అని అడిగారు. మీటింగ్ అయ్యేదాకా నేను బల్ల కింద నుంచి రాలేదు. కాలి కొలత అక్కడే తీసేశాను.

దియ ఆ దారాలు బట్ట మీద పరిచి చూసి మీడియం ఇచ్చింది. "అంకుల్‌తో టెస్ట్ చేయించండి ఆంటీ. హ్యాండ్స్ అప్, ఫుల్‌గా కూర్చోవాలి, మళ్లీ లేవాలి" అంది. ఇంటికొచ్చి బావ చేత చేయించాను. రెండు చేతులూ పైకెత్తితే చొక్కా నడుము దాటి లేవలేదు. గొంతుక్కూర్చుంటే మోకాళ్ల దగ్గర ముడత పడలేదు, కాళ్ల సందున పట్టలేదు. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. గుడ్డ రెండు వేళ్లతో పట్టుకుంటే చిటికెడు వచ్చింది, గుప్పెడు రాలేదు. కుట్లు భుజం మీద ఒరుసుకోలేదు. "ఏమీ వేసుకోనట్టుంది రాధా" అన్నాడు. నేను పక్కగదిలోకి వెళ్లిపోయాను.

నిన్నగాక మొన్న శనివారం వెళ్లారు. నేను పొద్దున్నుంచీ గుమ్మం దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం డేల్ కార్ వచ్చింది. డేల్ దిగి, కార్‌ని పట్టుకుని వంగిపోయాడు. గుండెనొప్పేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. బావ ముఖం ఎర్రగా ఉంది.

"వణికాడా?" అని అడిగాను. డేల్‌తో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఇంగ్లీషులోనే అడిగాను.

"వణకడమా! నీ మొగుడు నిద్రపోయాడమ్మా" అన్నాడు డేల్.

 బావ బల్ల మీద కూర్చుని, నడుముకి తాడు కట్టుకుని, ఎండపొడ తగలగానే వెచ్చగా నిద్రపోయాడట. నిద్రపోయి గురక పెట్టాడట. డేల్ మోచేత్తో పొడవబోయాడు. ఇంతలో పొదల్లో ఆకులు కదిలాయి. ఇది మగజింకలు ఆడజింకల కోసం ఒకదానితో ఒకటి పోట్లాడే కాలం అత్తయ్యా. అవి గొంతులో గుర్రుమంటాయట. ఆ చప్పుడు చేయడానికి డేల్ దగ్గర ఒక ఊదే గొట్టం ఉంది, ఏళ్లుగా ఊదుతున్నా ఒక్క జింకా నమ్మలేదు. బావ గురక విని పెద్ద కొమ్ముల జింక ఒకటి, ఎవడ్రా నా చోటికి వచ్చింది అన్నట్టు నేరుగా చెట్టు కిందికే వచ్చి నిలబడింది. తుపాకీ చప్పుడుకి బావ లేచి, "మీటింగ్ అయిపోయిందా?" అన్నాడట.

డేల్ ఆ ఊదే గొట్టం జేబులోంచి తీసి మా పార్కింగ్ లాట్ చెత్తడబ్బాలో పడేశాడు. "ఈ సీజన్ అయ్యేదాకా ప్రతి శనివారం ఇతను నాకు కావాలి. మా బావమరిది గురక పెట్టడు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ బట్ట సైజు మాత్రం మార్చకమ్మా" అన్నాడు.

బావ గుమ్మంలో నిలబడి, నాకేసి చూసి, కోటు విప్పి నా చేతికిచ్చాడు. అమావాస్య దాటింది కదా, ఆదివారం మాంసం వండాను. డేల్, వాళ్లావిడ వచ్చారు. ఆయన కళ్లనీళ్లు కారుతున్నా మూడుసార్లు వడ్డించుకున్నాడు. వాళ్లావిడ నా చేయి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. సగం అర్థమైంది. మిగతా సగానికి నవ్వాను.

మీ కోడలు,
రాధ


చాండ్లర్,
డిసెంబర్ 16.

చిరంజీవి రాధకి,

నీ ఉత్తరం నేనే పైకి చదివాను, అందరూ విన్నారు. బల్ల కింద దూరిన చోట రవికాంత్ మళ్లీ చదవమన్నాడు. నువ్వు సిగ్గుపడకు, ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

వేణు గురకకే అంత పెద్ద జింక వచ్చిందా? వాడిది వాళ్ల నాన్న గురకలో పావు వంతు కూడా ఉండదు. ఈ ఇంట్లో రెండు గదుల అవతల పడుకున్న సాన్వి చెవుల్లో దూది పెట్టుకుంటోంది. ఆ డేల్‌కి చెప్పు, అసలు సరుకు ఇక్కడుందని. వచ్చే బుధవారం విమానానికి మీ మామయ్యకి టికెట్ బుక్ చేయించాను. సీజన్ అయ్యేదాకా చెట్టు మీదే ఉంచుకోండి.

వచ్చేసరికి ఆయనకి ఒక జత తీసి ఉంచు. సైజు నేను చెప్పను. దారం నీ దగ్గర ఉంది, దిగగానే కొలుచుకో.

ఇన్నేళ్లకి నేను హాయిగా నిద్రపోబోతున్నాను. తొందరపడి తిప్పి పంపకు.

నీ అత్తయ్య,
బాలమణి